ఎల్డన్ కారుకి గొంతొచ్చింది

బంపరు వెనక నుంచి గడగడా నీళ్లు మింగిన ఎల్డన్ ప్రూయిట్ కారు వాల్‌నట్ వీధి నడిమధ్యన ఒక్కసారి దగ్గి, ఊరుకుంది.

మళ్లీ తాళం తిప్పకూడదని ఎల్డన్‌కి తెలుసు. నీళ్లు తాగిన ఇంజిన్‌ని బలవంతాన తిప్పితే లోపల కడ్డీలు వంగిపోతాయి. అందుకని చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్నాడు. చుట్టూ పిక్కల్లోతు నీళ్లు. ఎదురుగా మూత తీసిన హైడ్రంట్, మంటలార్పడానికి వీధిలో పాతిన నీళ్ల కుళాయి, ఏనుగు తొండంలా వీధిలోకి నీళ్లు చిమ్ముతోంది. దాని పక్కన చేతిలో పెద్ద రెంచితో డోనట్ల కొట్టు నేస్తం మెర్ల్. కుడివైపు, సరిగ్గా కారు తలుపుకి ఎదురుగా, గ్లెండా ఉంటున్న ఇల్లు. ఇండియానా రాష్ట్రం మొత్తం మీద ఎల్డన్ ఆగడానికి భయపడే చోటు అదొక్కటే.

నిజానికి ఆ శనివారం పొద్దున అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. డోనట్ల కొట్టుకి వెళ్లడం, తిరిగొచ్చేటప్పుడు చుట్టుదారిన వాల్‌నట్ వీధిలోకి తిరగడం, ఆ ఇంటి ముందు కాస్త నెమ్మదించడం, కారు గొంతు వినిపించడం. అది విని గ్లెండా వసారాలోకి రావాలి. అంతే. అంతకు మించి అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

గ్లెండా అతని భార్యే. కిందటేడు చలికాలంలో వంటగదిలో ఉండాల్సిన హీటరుని ఎల్డన్ గరాజులోకి తీసుకెళ్లి కారు పక్కన పెట్టాడు. ఆ పూట ఆవిడ కోటు వేసుకునే గిన్నెలు కడిగింది. కడగడం అయ్యాక కోటు విప్పకుండా అలాగే అక్క రోబర్టా ఇంటికి వెళ్లిపోయింది. విడాకుల మాట ఎవరూ ఎత్తలేదు. "వెళ్లకు" అన్న ఒక్క మాట ఎల్డన్ గొంతులో అడ్డం పడి, అప్పటినుంచీ అక్కడే ఉండిపోయింది.

పడుచు రోజుల్లో అతనికి మాటల అవసరం ఉండేది కాదు. అప్పటి పాత కారు మలుపు తిరుగుతూ గాలి పీల్చిందంటే గుర్రం బుసకొట్టినట్టుండేది. అతను హారన్ మీద చెయ్యి వేసేలోపే గ్లెండా మెట్లు దిగి వచ్చేసేది. "హారన్ వీధంతటికీ వినిపిస్తుంది. నీ బండి ఊపిరి నాకొక్కదానికే తెలుస్తుంది" అనేది. ఇప్పటి కారుకి ఆ ఊపిరి లేదు. గాలి పీల్చే చోట కంపెనీవాళ్లు పెట్టిన ప్లాస్టిక్ డబ్బా ముఖం మీద దిండు అదిమినట్టు చప్పుడంతా నొక్కేస్తుంది. ఆ డబ్బా పీకేసి బయట అమ్మే ఎయిర్ ఇన్‌టేక్ అనే గాలి గొట్టం బిగిస్తే తప్ప కారుకి గొంతు రాదు. ఆ గొంతు వస్తే తనది కూడా వచ్చినట్టేనని ఎల్డన్ లెక్క.

ఏది కొనాలన్న దాని మీద డోనట్ల కొట్టులో వేసవంతా రచ్చ నడిచింది. పొట్టిది కొనమన్నాడు మెర్ల్. ఫిల్టరు ఇంజిన్ పక్కనే ఉంటుంది, వేడిగాలి పీల్చినా గట్టిగా అరుస్తుంది, నీళ్ల భయం లేదు. పొడుగుదే కొనమన్నాడు అదే కొట్టులో కూర్చునే క్లింట్. గొట్టం బంపరు వెనకగా నేల దాకా దిగుతుంది, చల్లగాలి పీలుస్తుంది, గొంతు లోతుగా ఉంటుంది, వానలో మాత్రం చూసుకుని నడపాలి. ఎల్డన్ గరాజులో కూర్చుని, కళ్లు మూసుకుని, ఫోన్లో ఒక్కొక్క ఇన్‌టేక్ చప్పుడూ విన్నాడు. కొన్ని గాడిదల్లా, కొన్ని వాక్యూమ్ క్లీనర్లలా ఉన్నాయి. ఒక్కటి మాత్రం వినగానే ఇరవై ఏళ్ల గ్లెండా మెట్లు దిగుతున్నట్టనిపించింది. అది పొడుగుది.

తన మాట కాదన్నందుకు మెర్ల్ మొహం మాడ్చుకుని, కొట్టులో తన కుర్చీ మార్చుకున్నాడు.

మొదటి శనివారం కారు ఆ ఇంటి ముందు నిండుగా ఊపిరి పీల్చింది. కిటికీ తెర కదిలింది కానీ తలుపు తెరుచుకోలేదు. బ్రేకు మీదికి వెళ్లాల్సిన కాలు దానంతటదే పక్కకి జారింది. తర్వాతి శనివారం రెండు చుట్లు కొట్టాడు. ఆ సాయంత్రమే పోలీసు కుర్రాడు టానర్ వచ్చి, తలమీది టోపీ చేతిలోకి తీసుకుని, కారు చప్పుడు మీద ఫిర్యాదొచ్చిందని నసిగాడు. ఎవరిచ్చారో చెప్పకూడదట.

చెప్పక్కర్లేదు కూడా అనుకున్నాడు ఎల్డన్. మెర్ల్ ఉండేది రోబర్టా ఇంటికి ఎదురిల్లే. పోలీసులకి మోసింది మెర్లేనని డోనట్ల కొట్టులో అనేశాడు. అది మంగలి షాపుకి, అక్కణ్ణించి చర్చికి చేరింది. ఆ వారం అగ్నిమాపక దళం విందులో మెర్ల్ మాంసమూ చిక్కుడుగింజలూ వేసి వండి తెచ్చిన చిల్లీ కుండ మూత ఎవరూ ఎత్తలేదు.

మెర్ల్ ఆ దళంలో జీతం లేని ఉద్యోగి. ఏటా ఆకులు రాలే కాలంలో హైడ్రంట్లు విప్పి, గొట్టాల్లోని తుప్పునీళ్లు వీధిలోకి వదలడం వాళ్ల పని. ఈసారి వాల్‌నట్ వీధి వంతు శనివారం పొద్దున పడింది. వీధి మొదట్లో నారింజరంగు అడ్డుకోన్లు పెట్టారు. వాటిని చూసిన ఎల్డన్‌కి నీళ్లు గుర్తు రాలేదు. తనని గ్లెండా దగ్గరికి పోనివ్వకుండా మెర్ల్ పన్నిన కుట్ర గుర్తొచ్చింది. కారు దిగి, ఒక కోను పక్కకి జరిపి, మళ్లీ ఎక్కి, మహా దర్జాగా పల్లంలోకి దూసుకొచ్చాడు.

ఇప్పుడు మెర్ల్ హైడ్రంట్ కట్టేసి, రబ్బరు బూట్లతో నీళ్లు తన్నుకుంటూ వచ్చి కారు కిటికీ మీద రెంచితో తట్టాడు.

"కోన్లు ఎందుకు పెట్టామనుకున్నావురా? పండక్కా?"

"నన్ను ఆపడానికి."

"నిన్ను ఆపడానికే. మునుగుతావని."

"ముందు పోలీసులకి పట్టించావు. ఇప్పుడు ముంచావు" అన్నాడు ఎల్డన్, అద్దం వేలెడంత దించి.

"నేను ఫోన్ చెయ్యలేదురా బాబూ. కుండెడు చిల్లీ ఇంటికి తిరిగొచ్చింది. వారం నుంచీ మా ఆవిడ మూడు పూటలా నాకదే పెడుతోంది."

ఆ గొంతులో నిజం ఎల్డన్‌కి వినిపించింది. అది అతనికి ఏమాత్రం నచ్చలేదు. ఈలోపు జనం పోగయ్యారు. డోనట్ చేత్తో పట్టుకుని వచ్చిన క్లింట్ మీదికి అనుమానం మళ్లింది. ఇన్‌టేక్ కొనిపించినవాణ్ణి నేనే దాని మీద ఫిర్యాదు చేస్తానా అని అతను నోటినిండా డోనట్‌తో వాదించాడు. నీళ్ల అంచున కారాపి దిగిన టానర్‌ని అందరూ చుట్టుముట్టారు. ఫోన్ చేసిందెవరో ఇవాళ తేలాల్సిందేనని మెర్ల్ పట్టుబట్టాడు. టానర్ తన బూట్లు చూసుకున్నాడు. ఆకాశం చూశాడు. ఆ రెండింటికీ మధ్య ఒక్క క్షణం రోబర్టా వసారా వైపు చూశాడు.

తలుపు తెరుచుకుంది.

గ్లెండా వచ్చింది. కాళ్లకి ఇంటి చెప్పులు, చేతిలో కాఫీ కప్పు, జుట్టు దువ్వలేదు. కారు అన్ని శనివారాలు గొంతు చించుకున్నా రాని మనిషి, అది నోరు మూసుకున్నాక వచ్చింది. నీళ్లు తాకుతున్న ఆఖరి మెట్టు మీద ఆగింది.

"ఆగిందా?" అంది.

"ఆగింది" అన్నాడు ఎల్డన్.

"నువ్వు ఆపలేదుగా. అదే ఆగింది."

ఎల్డన్ స్టీరింగ్ వైపు చూశాడు. ఇన్నాళ్లూ అతని తరఫున మాట్లాడిన కారు ఇప్పుడు నీళ్లు కక్కుతోంది. మాట్లాడితే తనే మాట్లాడాలి.

"ఆపుదామనే వస్తాను గ్లెండా. ఇక్కడికొచ్చేసరికి కాలు ఆడదు." కిటికీ అద్దం పూర్తిగా దించాడు. "హీటరు వంటగదిలో పెట్టేశాను. పెట్టి చాలా రోజులైంది. అక్కడ వెచ్చగా ఉంది, మనిషే లేదు."

గ్లెండా కప్పులోకి చూసుకుంది. "అది చెప్పడానికా ఇంత గొట్టం కొన్నావు?" అంది.

ఎల్డన్ తలుపు తోశాడు. నీళ్లు బుడబుడమంటూ కారులోకి వచ్చాయి. అతను బయటికి అడుగేసి, షూలతోనే ఈదుకుంటున్నట్టు మెట్ల దగ్గరికి నడిచాడు. గ్లెండా కప్పు అందించింది.

"మీరిద్దరూ తీరిగ్గా మాట్లాడుకోండి" అన్నాడు మెర్ల్ వెనకనుంచి. "ముందు నా సంగతి తేల్చండి. ఆ ఫోన్ ఎవరు చేశారు?"

గ్లెండా ముఖం ఎర్రబడింది. "చెప్పెయ్ నాయనా టానర్. నా నోటితో నేను చెప్పుకోలేను."

టానర్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"గ్లెండా గారేనండి. చప్పుడు చేస్తున్నాడని కాదు, ఆగకుండా వెళ్లిపోతున్నాడని ఫిర్యాదు. అలాంటి నేరం మా దగ్గర లేక, చప్పుడు కింద వేశాం."