ఆసరా వారి ఆర్థిక ఆరోగ్యం

షామ్‌బర్గ్‌లోని ‘ఆసరా’ సంస్థ ఆర్థికంగా మునుపెన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉన్నదని ప్రకటించడానికి కార్యవర్గం మిక్కిలి సంతోషించింది. సంతోషించనిది ఒక్క వసంతలక్ష్మే. రిటైరైన ఫార్మసిస్టు, ఆ ఏడే కోశాధికారి అయింది.

ఆపదలో పడిన తెలుగు విద్యార్థులను ఆదుకోవడానికి పన్నెండేళ్ల కిందట నలుగురు స్నేహితులు ఒక బేస్‌మెంట్‌లో ఆసరాను స్థాపించారు. మొదటి ఏడు తొమ్మిది వేల డాలర్లు వస్తే తొమ్మిది వేలూ విద్యార్థులకే పోయాయి. అంత అనారోగ్యంతో సంస్థ ఎలా బతికి బట్టకట్టిందో దేవుడికే తెలియాలి. అయిదో ఏట విరాళాల కోసం గాలా విందు మొదలైంది. ఎనిమిదో ఏటికి గాలా కోసమే విరాళాలు మొదలయ్యాయి. ఇప్పుడు రాబడి నాలుగు లక్షలు. గాయనిగారి బిజినెస్ క్లాస్ టికెట్టు, దాతల వెండి జ్ఞాపికలు, అధ్యక్షులు ఆదిశేషుగారి గజమాల పోగా, విద్యార్థుల మీద అక్షరాలా ఆరువందల డాలర్లు వెచ్చించారు. మిగిలినదంతా రిజర్వు.

అక్టోబరులో సాన్వి అనే ఎమ్మెస్ విద్యార్థినిని కారు గుద్దింది. తుంటి విరిగింది. ఇన్సూరెన్సు పోను ఏడువేలు కట్టాలి. వసంతలక్ష్మి ఆసుపత్రికి వెళ్ళి, ఆ బిల్లు తెచ్చి కార్యవర్గం ముందు పెట్టింది.

“మాకూ సింపతీ ఉంది వసంతగారూ,” అన్నారు ఆదిశేషుగారు. “కానీ రిజర్వు టచ్ చేస్తే మన ఫైనాన్షియల్ హెల్త్ ఏం కావాలి?”

“మరి ఆ పిల్ల హెల్తో?”

“అందుకే కదా, గాలాకి వీల్‌చైర్లో తీసుకురండి. స్టేజి మీద చూశారంటే డోనర్లు కరిగిపోతారు.”

ఆసుపత్రిలో సాన్వి ఆ మాట విని తల అడ్డంగా ఊపింది. “వద్దాంటీ. ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమ్మ వీడియోలో చూసిందంటే తట్టుకోలేదు.”

చివరికి ఆమె క్లాస్‌మేట్లే తలా యాభై వేసుకుని మొదటి వాయిదా కట్టారు.

గాలా రోజున ఎనిమిది వందల మంది ఎదుట వసంతలక్ష్మి, రాసిచ్చిన ప్రసంగం మడిచి పక్కన పెట్టి, లెక్కలు ఉన్నవున్నట్టు చదివింది. గాలాకు ఎంత, విద్యార్థులకు ఎంత, సాన్వికి ఎంత.

ముందు వరుసలోంచి ఒక పెద్దమనిషి లేచాడు. ముఖం కోపంతో ఎర్రబడి ఉంది. ఈ ఊళ్ళో ఒక్కడైనా ఉన్నాడనుకుని వసంతలక్ష్మి ఊపిరి పీల్చుకుంది.

“మేడమ్, మాది ప్లాటినం టేబుల్. వెనకవాళ్ళకి బిర్యానీ ముందెలా వడ్డించారు?”

న్యాయమైన ప్రశ్న అడిగాడని హాలంతా చప్పట్లతో మారుమోగింది.