నల్ల రిబ్బను కట్టిన గేటు

శనివారం పొద్దున నెవెనా తన తమ్ముణ్ణి మంచం దగ్గర నిలబెట్టి దారి బట్టీ పట్టిస్తోంది. బల్గేరియాలోని తర్నొవొ పట్టణానికి వచ్చే పర్యాటకులను వీధుల వెంట నడిపిస్తూ కథలు చెప్పడం ఆమె ఉద్యోగం. రెండు నెలల కిందట మెట్ల మీద జారి కాలు విరిగింది. ఈ ఏడు మొదటి బృందం ఇవాళే వస్తోంది. బృందాన్ని నడిపించకపోయినా, వచ్చినవాళ్లలో ఒక్కరు ఫిర్యాదు రాసినా ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని కంపెనీ తేల్చి చెప్పింది. తమ్ముడు రాడ్కోకు జర్మన్ వచ్చు, పదకొండేళ్లు జర్మనీలో లారీ నడిపాడు. రానిదల్లా ఈ ఊరు. నిన్న సాయంత్రమే విదిన్ నుంచి బస్సు దిగాడు.

"చర్చి దాటి ఎత్తు ఎక్కు. గేటుకి నల్ల రిబ్బను ఉన్న ఇల్లే పాత వర్తకుడి ఇల్లు. బోర్డు ఉండదు, రిబ్బనే గుర్తు. కిందటేడు అక్కడి వాచ్‌మన్ పోయాడులే. గేటు తీసే ఉంటుంది. అక్కడుండే ముసలావిడ తినడానికి ఏదో పెడుతుంది," అంది నెవెనా.

మనిషి పోతే గేటుకు నల్ల రిబ్బను కట్టి, అది ఎండకూ వానకూ చివికి రాలిపోయేదాకా విప్పని ఊళ్లో, దాన్ని ఆనవాలుగా చెప్పడం తెలివైన పని కాదు. కానీ రెండు నెలలుగా మంచం దిగని మనిషికి వీధిలో ఎవరు పోయారో ఏం తెలుస్తుంది?

అక్క పసుపు గొడుగు పైకెత్తి, రాడ్కో పన్నెండుమంది జర్మన్లను వెంటేసుకుని ఎత్తు ఎక్కాడు. నల్ల రిబ్బను కనిపించింది. గేటు తీసే ఉంది. ప్రాణం లేచొచ్చి లోపలికి దారి తీశాడు.

పెరట్లో పొడుగాటి బల్ల. దాని మీద చక్కెర చల్లిన ఉడికించిన గోధుమలు, నలభై చెంచాలు, వెలుగుతున్న కొవ్వొత్తి, పక్కన మీసాల పెద్దాయన ఫొటో. అది ఎవరో పోయిన నలభయ్యో రోజున పెట్టే బల్ల. రాడ్కో గొడుగు దించాడు. బల్ల దగ్గర నల్లబట్టల ముసలావిడ, దోనా, ఒంటరిగా కూర్చుని ఉంది. ఒక్క చెంచా కూడా కదల్లేదు.

"రండి నాయనా, రండి! ఒక్కరూ రారేమో అనుకున్నా," అని ఆమె లేచింది. "మీకందరికీ మా ఆయన స్తామెన్ ఎలా తెలుసు?"

ఈ బల్లకు పిలుపులు ఉండవు. వచ్చినవాళ్లు వస్తారు, వచ్చినవాళ్లు తినకుండా పోకూడదు. వెనక్కి తిరిగితే ఈవిడ ఏడుపు, దారి తప్పామని ఒప్పుకుంటే అక్క ఉద్యోగం ఊడుతుంది.

"జర్మనీలో పరిచయమమ్మా," అన్నాడు రాడ్కో. తర్వాత బృందం వైపు తిరిగాడు. "ఏది పెట్టినా వద్దనకూడదు. థాంక్స్ చెప్పకూడదు. నేను చెప్పిన మాటే చెప్పండి."

పన్నెండుమందీ వరసగా వచ్చి, గోధుమలు తీసుకుని, వచ్చీ రాని బల్గేరియన్‌లో "దేవుడు ఆయన్ని క్షమించుగాక" అన్నారు. పన్నెండోసారి దోనా చేతిరుమాలు తీసి కళ్లు ఒత్తుకుంది.

నోటుపుస్తకం పట్టుకున్న ఉల్రికే అనే ఆవిడ ఫొటో దగ్గర ఆగింది. "ఈయనెవరు?"

"ఇంటి యజమాని."

"కలవచ్చా?"

"ఊళ్లో లేరండి. వెళ్లి నలభై రోజులైంది."

"ఎప్పుడొస్తారు?"

"ఇంకా కబురు లేదు."

ఆమె అదీ రాసుకుంది.

ఇంతలో గోడ మీదుగా పక్కింటి గెంచో తల లేచింది. గోడ మీదికి వాలిన రేగుచెట్టు కోసం స్తామెన్‌తో పదహారేళ్లు కోర్టుకెక్కిన మనిషి. "దోనా వదినా, ఎవరు వీళ్లంతా?"

"మీ అన్న స్నేహితులట. జర్మనీ నుంచి వచ్చారు."

తల మాయమైంది. పది నిమిషాల్లో కోటు తొడుక్కుని, చేతిలో సారా సీసాతో గేటులోంచి వచ్చాడు. గెంచోనే వెళ్లాక మనం వెళ్లకపోతే బాగుండదని వీధి వీధంతా కదిలింది. గ్లాసులు నిండాయి. ఉల్రికే తన గ్లాసు పక్కవాళ్ల గ్లాసుకు తగిలించబోతే రాడ్కో చెయ్యి పట్టుకుని ఆపాడు; పోయినవాళ్ల పేర తాగేటప్పుడు గ్లాసులు తగిలించరు. అందరూ పోయినవాడి వంతు ఒక చుక్క నేల మీద ఒలికించారు. జర్మన్లు కొలిచినట్టు ఒలికించారు.

గెంచో గొంతు సవరించుకున్నాడు. "స్తామెన్ మొండివాడు. అయినా పదహారేళ్లలో ఒక్క వాయిదాకి కూడా నన్ను ఒంటరిగా వదల్లేదు. అలాంటి మనిషి మళ్లీ దొరకడు." అంటూనే కోటు చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే ఏడ్చాడు.

"ఏమంటున్నారు?" అంది ఉల్రికే.

"చిరకాల పరిచయం. నెలనెలా కలిసేవారట."

వర్తకుడి ఇల్లు చూసే వేళ దాటిపోయింది. వెళ్లేటప్పుడు దోనా రాడ్కోను గేటు దగ్గర ఆపింది.

"నలభై నాలుగేళ్లు కాపురం చేశాను నాయనా. ఆయనకి జర్మనీలో స్నేహితులేమిటి, ఎదురింట్లోనే లేరు."

రాడ్కో తల దించుకున్నాడు. "మరి తెలిసీ ఎందుకమ్మా..."

"మీ పుణ్యమా అని గెంచో ఈ గడప తొక్కాడు. ఆయన కోసం ఒక మనిషి ఏడ్చాడు. నాకింకేం కావాలి?" అని అతని జేబులో ఓ రొట్టె కుక్కింది.

రాడ్కోకు కళ్లు చెమర్చాయి. ఇంటికి వచ్చి జరిగింది చెబితే నెవెనా దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

సోమవారం కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండుమందీ మెచ్చుకుంటూ రాశారు. నెవెనా ఉద్యోగం పదిలం, ఇకపై ప్రతి బృందాన్నీ ఆ ఇంటికే తీసుకెళ్లాలి. ఉల్రికే అనే ఆవిడ రాసిన లోటు ఒక్కటే ఉంది కనుక, వచ్చే శనివారం యజమానిని తప్పకుండా ఇంట్లో ఉండమని చెప్పగలరు.