బల్ల మీది షాపుకు ఆయుధపూజ

ఆయుధపూజ నాడు పొద్దున్నే బుడేన్ సాహెబు రెండు గ్లాసులు కడిగి బోర్లించాడు. రెండో గ్లాసుతో పనిపడి చాలా కాలమైంది. పుత్తూరు బజారు వెనక సందులో ఒక గదీ వసారా ఉన్న ఆ ఇంట్లో, భార్య మదార్‌బీ పోయాక టీ తాగేది ఆయనొక్కడే. ఇవాళ పాత స్నేహితుడు పెంచలయ్య తిరుపతి నుంచి వస్తాడు. ఇద్దరూ కూర్చుని టీ తాగుతారు, ఆపైన బల్ల మీదున్నదాన్ని పెంచలయ్య చూస్తాడు. సాహెబు మొదట వేసుకున్న ప్లాను అంతకు మించి లేదు.

బల్ల మీదున్నది రైల్వే వర్కుషాపు. రైలుపెట్టెలు బాగుచేసే షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన సాహెబు, పొద్దుపోక ఒక బొమ్మ రైలు కొన్నాడు. రైలుకి పట్టాలు వేశాడు, పట్టాలకి స్టేషను కట్టాడు. రైలన్నాక చెడిపోకుండా ఉంటుందా, షాపు కూడా ఉండాలి కదా అనిపించింది. మదార్‌బీ కుట్టుమిషను పెట్టుకున్న బల్లను ఖాళీ చేసి పని మొదలుపెట్టాడు. బిస్కెట్ల డబ్బా రేకు పైకప్పయింది, గొడుగు పుల్లలు దూలాలయ్యాయి, పాడైన గడియారం పళ్ళచక్రాలు లేతు మిషనులో చేరాయి. గేటుకి పట్టిన తుప్పు గీకి బంకలో కలిపి పూసేసరికి కొత్త రేకు ఎన్నో వానలు చూసినట్టు తయారైంది. నేల మీద నూనె మరకలకి చిక్కటి టీ డికాక్షను సరిపోయింది. అంతా అయ్యాక చూస్తే, చూపించడానికి మనిషి లేడు. అది మాత్రం ఆయన్ని చాలా బాధపెట్టింది.

పాత షాపులో ఆయుధపూజ అందరి పండగ. లేతు మిషను తుడిచి పసుపు రాసేది ఏటా సాహెబే. అందుకే ఆ రోజుకి పెంచలయ్యను పిలుద్దామనుకున్నాడు. బల్ల ఎత్తుకి వంగి, కిటికీ వెలుతురు పడుతుండగా ఫోటో తీశాడు. "షాపు పూర్తి అయింది, ఆయుధపూజకి రా" అని రాశాడు. "బొమ్మ షాపు" అని కూడా రాశాడు గానీ, ఈ వయసులో బొమ్మలాటలేమిటని నవ్వుతాడేమోనని ఆ ముక్క చెరిపేసి పంపాడు. ఆ చెరిపిన ముక్కే కొంప ముంచింది.

పెంచలయ్య ఆ ఫోటోని రిటైరైనవాళ్ళ గ్రూపులో పెట్టేశాడు. ఆ సాయంత్రమే పాత ఫోర్‌మన్ జయరావు ఫోను చేశాడు.

"ఏమయ్యా సాహెబూ, అంత పెద్ద షెడ్డు ఎప్పుడు కట్టినావు?"

"పెద్దది కాదు సార్. శానా చిన్నది."

"నీకు గర్వం లేదని మాకు తెలీదా! మొదట అన్నీ చిన్నవే, పోనుపోను పెరుగుతాయి."

"అయ్యో, ఇంట్లోనే ఉండాది సార్."

"ఇంటికి ఆనించి కట్టుకున్నావా? తెలివైన పని చేసినావు. మేమంతా వస్తా ఉండాము."

నిజం చెప్పేయాలని సాహెబుకీ ఉంది. కానీ ఫోను మీద ఫోను వస్తుంటే, ఇన్నాళ్ళకి తన పేరు పెట్టి ఇంతమంది పిలుస్తుంటే, ఆ గొంతులు వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. రేపు చెబుదాంలే అనుకుంటూ పండగ దాకా నెట్టుకొచ్చాడు.

ఇంట్లో ఉన్న ఆ రెండు గ్లాసులే బోర్లించి వసారాలోకి వస్తే, భుజాన ఇనుప కొక్కెంతో ఒక రైతు నిలబడి ఉన్నాడు.

"మాది కార్వేటినగరం. చెంగయ్య అంటారు. మా బావమరిది ఫోటో చూపించినాడు. ట్రాక్టరు ట్రాలీ కొక్కెం ఇరిగిపోయినాది. ఎముకలు ఇరిగితే కట్టు కట్టించుకోను పుత్తూరుకే వస్తాము గదా, ఇనుము గూడా ఈడనే అతుకుతారని వచ్చేసినాను. షాపు యాడప్పా?"

"ఈ పొద్దు ఆయుధపూజ. పనిముట్లు ముట్టకూడదు" అన్నాడు సాహెబు, దొరికిన దారి పట్టుకుని.

"దానికేమి, పూజ అయ్యేదాకా కూర్చుంటా" అని చెంగయ్య వసారాలో సర్దుకున్నాడు.

ఇక దాగదని సాహెబుకి తెలిసిపోయింది. ఇంటికి తాళం వేసి, చెప్పులేసుకుని, శ్రీకాళహస్తి బస్సెక్కేద్దామని బయల్దేరాడు. సందు మొగలోనే వ్యాను ఎదురైంది. రెండు వైపులా అరటిపిలకలు, లోపల కిక్కిరిసిన పాత స్టాఫు, ముందు సీట్లో రిబ్బను, కత్తెరతో జయరావు, వెనక ఒళ్ళో బూడిద గుమ్మడికాయతో పెంచలయ్య.

"ఎదురొచ్చి పిలస్తా ఉండాడు సూడండబ్బా! అదీ మర్యాదంటే!" అని అరిచాడు పెంచలయ్య.

పారిపోతున్నవాణ్ణి భుజాల మీద చేతులేసి ఊరేగింపుగా ఇంటికి తెచ్చారు. సాహెబు తాళం తీసి బల్ల చూపించాడు. పెంచలయ్య గుమ్మడికాయని దాని పక్కన దించాడు. కాయే పెద్దదిగా ఉంది. ఎవరో కిసుక్కుమన్నారు, దాంతో గది గదంతా నవ్వింది. జయరావు రిబ్బను చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

"దీనికా వ్యాను కట్టించుకోని వచ్చినాము!"

చెంగయ్య తన కొక్కెం వంకా షాపు వంకా చూసి, "ఇది లోపలికి పట్టేటట్టు లేదే" అన్నాడు.

"తప్పయిందప్పా, పోయిరాండి" అన్నాడు సాహెబు గోడవైపు తిరిగి. భయపడినంతా జరిగింది, ఇక ఈ గడప ఎవరూ తొక్కరు. నవ్వుకుంటూ అందరూ వసారాలోకి నడిచారు. పెంచలయ్య మాత్రం బల్ల ఎత్తుకి వంగి లోపలికి చూశాడు.

"అది నా డ్రిల్లు మిషను గదా?"

"నీదే."

"హ్యాండిలు వంకర గూడా పెట్టినావే!"

"వంచింది నువ్వే గదా."

పెంచలయ్య ఇంకాస్త వంగాడు. "మనుషులు యాడ సాహెబూ? ఒక్కరూ లేరే."

"చేసి చూసినానప్పా, కుదరలేదు. మొహాలు కళ్ళ ముందరే ఉండాయి, చేతికి రావడం లేదు. ఎదురుగా ఎవరన్నా కూర్చుంటే గదా చేసేది."

పెంచలయ్య స్టూలు లాక్కుని కిటికీ పక్కన కూర్చున్నాడు.

"ఈ పక్కనుంచి సూడు. ఇట్లయితే నేను బాగుంటాను."

"ఏమయ్యా, ఫోర్‌మన్ లేకుండానే షాపు నడుపుతారా?" అంటూ జయరావు గుమ్మంలోంచి తల పెట్టాడు. ఆయన వెనకే అందరూ మళ్ళీ లోపలికి వచ్చి బల్ల చుట్టూ వంగారు. నా బెంచీ ఇక్కడ కాదంటే ఇక్కడేనని కొట్లాట మొదలైంది. సాహెబు అగ్గిపుల్ల కొసతో లేతు మిషనుకి పసుపు రాశాడు. గుమ్మడికాయ సందులో పగిలింది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో రోజూ ఎవరో ఒకరు కదలకుండా కూర్చుంటున్నారు. పెంచలయ్యకి తన బొమ్మలో పొట్ట వద్దట, జయరావుకి జుట్టు కావాలట. సాహెబు ఆదివారం ఒక్క రోజు సెలవడిగితే, పని వెనకబడుతుందని ఫోర్‌మన్ ఒప్పుకోలేదు.