పాత జలాంతర్గామికి వీడ్కోలు సభ

ఒక పెద్ద అడవిలో సముద్రం కూడా ఉండేది. అడవిలో సముద్రమేమిటని అడక్కండి. రాజుకి యుద్ధనౌక మీద మోజు పుడితే సముద్రం దానంతటదే వస్తుంది.

అక్కడి సింహం అణుకొలిమితో నడిచే జలాంతర్గామిని చేయించుకుంది. ఒక్క యుద్ధమూ చేయకుండానే ఆ నౌక ముసలిదైంది. ముక్కలుగా కోసి, పనికొచ్చే లోహాన్ని మళ్లీ వాడుకోవాలన్నారు. ఆ పనికి వేసిన విడదీత సంఘానికి నక్క అధ్యక్షుడు.

కోతులు పైతొడుగు ఇనుము, రాగి, ఇత్తడి కోసిపెడితే నక్క పక్క అడవికి అమ్మేసింది. కొలిమి గది మిగిలింది. దాని గోడల్లోని మంట కనబడదు, వాసన రాదు, దగ్గరకెళ్లినవాడి ఒళ్లు మాత్రం పాడవుతుంది. అలాంటిదాన్ని కొండమీది రాతి గుహలో తరాల తరబడి కాపలా పెట్టి దాచాలి. ఆ గుహలో నక్క అప్పటికే అతిథిగృహం కట్టుకుంది.

అందుకని గదిని ఉప్పుటేట్లో ముంచేద్దామంది. అది మామూలు ఇనుమేననీ, ఏ ప్రమాదమూ లేదనీ సభ తీర్మానించింది.

ఆ ఏట్లోనే నీటికుక్క నూకాలు పిల్లలతో కాపురముంటోంది. గది తలుపు కోసిన కోతి మేస్త్రి అరచేతులు ఆమె చూసింది. చర్మం ఊడి ఎర్రగా ఉన్నాయి. తిన్నగా జలాంతర్గామి వీడ్కోలు సభకొచ్చి నిలబడింది.

"నక్కబావా, అది మామూలు ఇనుమేనా?"

"సభ చెప్పాక నీకు అనుమానమేంటమ్మా. చదువులేని వాళ్లతో ఇదే చిక్కు."

"అనుమానం కాదు, ముచ్చట. ఎవరు రిటైరైనా పెద్దలకి శాలువా కప్పి జ్ఞాపిక ఇవ్వడం మన ఆనవాయితీ కదా. మంచి ఇనుమంతా తమరే అమ్మేశారు. గది తలుపు ముక్కొకటి పడుంది. తమరి మెడలో వేయిద్దాం."

సభ చప్పట్లు కొట్టింది. ఏం విన్నా కొట్టడం దానికి అలవాటు. మేస్త్రి తాడు కట్టిన ముక్కని పొడవాటి పట్టకారుతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని వచ్చాడు.

"పట్టకారెందుకయ్యా?" అంది సింహం.

"అలవాటండి" అన్నాడు మేస్త్రి.

నక్క వెనక్కి జరిగింది. వద్దంటే తీర్మానం అబద్ధమవుతుంది. వేయించుకుని నవ్వింది. సింహం ప్రసంగం మొదలెట్టింది, సముద్రం పుట్టుక దగ్గర్నుంచి.

"రాజా, కాస్త కుదించండి" అంది నక్క.

"నిన్ను పొగడటం ఇంకా మొదలెట్టలేదయ్యా."

"నన్ను పొగడొద్దు రాజా."

నక్క నోట ఆ మాట ఎవరూ ఎన్నడూ వినలేదు. సభ నివ్వెరపోయింది.

"బావా," అంది నూకాలు, "దీన్ని నా పిల్లల పక్కన తరాలపాటు పెడతానన్నావు. ప్రసంగం అయ్యేదాకా నువ్వు మోయలేవా?"

నక్క ముక్కని తెంపి విసిరేసింది. "ప్రమాదం ఉంది" అంది.

"ఎంత?"

"గుహలో పెట్టేంత."

అతిథిగృహం ఖాళీ చేయించి గదిని గుహకి చేర్చారు. నూకాలు ఏరు నూకాలుకి మిగిలింది. మేస్త్రి చేతులు మానలేదు. వాటి మీద ఎవరూ తీర్మానం చేయలేదు.

నక్క మెడ కింద బొచ్చు ఊడింది. దేశసేవలో ఊడిందని మరుసటేడు సభ దానికి ఇంకో శాలువా కప్పింది.

నీతి: ప్రమాదం లేదని పెద్దలంటే తప్పకుండా నమ్మండి, ముందు వాళ్ల మెడలో వేసి చూశాక.