మా రోడ్డుకు సిగ్నల్ అక్కర్లేదు

మా పేటలో ట్రాఫిక్ సిగ్నల్ లేకపోవడం మా అదృష్టం. తొందరపడి అనడం లేదు, బాగా ఆలోచించే అంటున్నాను.

నగరానికి అవతలి కొసన కొత్త కాలనీ ఉంది. అక్కడ మలుపు మలుపుకీ సిగ్నలే! రోడ్డు దాటడానికి పైవంతెన, దాని మీదికి వెళ్లడానికి లిఫ్టు. పాపం, దాటేవాళ్లే లేరు. అందరికీ కార్లున్నాయి. ఆ లిఫ్టు రోజంతా ఒంటరిగా పైకీ కిందికీ తిరుగుతుంటుంది. అంత ఏకాంతం పగవాళ్లకైనా వద్దు.

మాకా బాధ లేదు. మా పేటకూ బస్సు ఆగే చోటుకూ నడుమ పెద్ద రోడ్డుంది. లారీలు ఎవరికోసమూ ఆగవు. అందుకే మేం ఒంటరిగా దాటం. పదిమంది పోగయ్యేదాకా నిలబడి, గుంపుగా దాటుతాం. ముందు పాలాయన చెయ్యెత్తి నడుస్తాడు. వెనక మేమంతా ఒకరి సంచి ఒకరం పట్టుకుని పరుగెడతాం. ఇంత ఐకమత్యం ఏ సిగ్నల్ దగ్గరైనా చూశారా? కొత్త కాలనీలో పక్కింటాయన పేరు కూడా తెలియదట. మాకు అవతలి గట్టు చేరేలోపు ఎవరింట్లో ఏం కూరో తెలిసిపోతుంది!

ఇక ఆరోగ్యమంటారా? మోకాళ్ల నొప్పులని మంచం దిగని మా పెద్దత్త, లారీ హారన్ వినబడితే లేడిపిల్లలా ఉరుకుతుంది. ఏ డాక్టరు చెయ్యగలడు ఈ వైద్యం?

మా వదిన ఒక్కతే ఈ అదృష్టానికి నోచుకోలేదు. ఆవిడకు ఎనిమిదో నెల. అవతల బట్టలు కుట్టే కంపెనీలో పని. గుంపు పరుగందుకుంటే ఆవిడ నడిరోడ్డు మీద మిగిలిపోతోంది. నాగా పడితే ఉద్యోగం ఉండదు. అందుకని అన్నయ్య సిగ్నల్ కోసం అర్జీ పెట్టాడు.

చూసి పోవడానికి ట్రాఫిక్ ఆఫీసరు వస్తాడని కబురొచ్చింది. మా పేటకు ఒక ఆఫీసరు రావడం అదే మొదలు. పెద్దమనిషి ముందు పరువు పోతే ఎలా? ముందురోజు అందరం కలిసి రిహార్సల్ వేశాం.

"నువ్వు మధ్యలో ఉండమ్మా. చుట్టూ మేముంటాం. పొట్ట కనబడితే ఆయన కంగారుపడతాడు," అన్నాడు పాలాయన.

"నాకోసం వచ్చేవాడికి నేనే కనబడకూడదా బాబాయ్?" అంది వదిన.

"ఇంటికొచ్చిన మనిషికి మన కష్టాలెందుకే తల్లీ, ఊరుకో!" అంది పెద్దత్త.

తెల్లారి ఉతికిన బట్టలు కట్టుకుని, వరస తప్పకుండా, కేకలు లేకుండా దాటాం. అంతకు ముందే మావాళ్లు ముగ్గురు వెళ్లి, లారీ డ్రైవర్లను బతిమాలి ఆపారులెండి. ఆఫీసరు జీపు దిగకుండానే చప్పట్లు కొట్టాడు.

"ఏం క్రమశిక్షణండీ! మీకింక సిగ్నల్ దేనికి? మా కొత్త కాలనీవాళ్లను తెచ్చి మిమ్మల్ని చూపించాలి!"

మేం మురిసిపోయాం. సిగ్నల్ కొత్త కాలనీకి వెళ్లిపోయింది. అక్కడ క్రమశిక్షణ తక్కువట.

వదిన ఇప్పుడు ఇంట్లోనే ఉంటోంది. కంపెనీవాళ్లు ఇక రానక్కర్లేదన్నారు. ఈ సమయంలో విశ్రాంతి మంచిదేగా! అయితే కాన్పు ఆసుపత్రి కూడా రోడ్డుకు అవతలే ఉంది.

అందుకే కొత్త కాలనీవారికి ఒక మనవి. ఇంత అదృష్టం మేమొక్కళ్లమే అనుభవించడం న్యాయం కాదు. మా ఐకమత్యం, మా పరుగు, మా క్రమశిక్షణ అన్నీ మీరే ఉంచుకోండి. మీ ఎర్రదీపాల్లో ఒక్కటి మాకు అరువివ్వండి. ఎక్కువసేపు అక్కర్లేదు. నొప్పులు పడుతున్న మనిషి రోడ్డు దాటేంతసేపు చాలు.