మట్టి లేని ఇంట్లో ఎరువు

కంపోస్టు చేయాలంటే నేల ఉండాలని, మొక్కలు ఉండాలని ఎవరన్నా చెబితే నమ్మకండి! అదంతా పాతకాలపు చాదస్తం. నేల ఉన్నవాడు ఎరువు చేస్తే గొప్పేముంది? జానెడు నేల లేకుండా బస్తాల కొద్దీ ఎరువు చేసినవాడే మొనగాడు. అలాంటి మొనగాడొకడు తాండూరులో ఉన్నాడు. పేరు కుమారస్వామి.

కుమారస్వామి బండల పాలిషింగ్ యూనిట్‌లో సూపర్‌వైజరు. అందుకే ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు నుంచి వెనక గోడ దాకా ఖాళీ లేకుండా బండలు పరిపించాడు. బోరు చుట్టూ బండలే, మెట్ల కిందా బండలే. వాన పడితే చుక్క కూడా ఇంకకుండా రోడ్డు మీదికి పోతుంది. కాలికి మట్టి అంటదు. మా కాలనీలో మిగతా ఇళ్లూ అంతే. ఇంతకంటే నాగరికత ఏం కావాలి?

అతని భార్య హన్మమ్మకు మాత్రం ఈ నాగరికత వంటబట్టలేదు. ఆమెది కుల్కచర్ల దగ్గర పల్లె. పుట్టింటివాళ్లు పొలం అమ్మేసిన ఏడు, ఆఖరి పాదు నుంచి కాసిని చిక్కుడు గింజలు తెచ్చి గుడ్డలో మూటకట్టి దాచుకుంది. పుచ్చినవి పోగా తొమ్మిది మిగిలాయి. మూడేళ్లయింది. ఈ వానలకు వేయకపోతే ఇక మొలుస్తాయన్న నమ్మకం ఆమెకు లేదు. ఆ గింజ మళ్లీ తెచ్చుకుందామంటే ఆ పాదూ లేదు, ఆ పొలమూ లేదు.

"ఒక్క బండ లేపియ్యరాదయ్యా. గా మూలకు చిన్న పందిరేస్త," అని రోజూ అడిగేది.

"ఒక్కటి లేపితే లెవెల్ మొత్తం ఖరాబైతది," అనేవాడు కుమారస్వామి.

న్యాయమే కదా! చిక్కుడుకాయలు సంతలో దొరుకుతాయి. లెవెల్ ఏ సంతలో దొరుకుతుంది చెప్పండి?

వేసవి ముందర వికారాబాద్‌లో ఇంటి కంపోస్టు మీద ఒకరోజు శిక్షణ జరిగింది. నేర్పినవాడు శ్రీహరి అనే నిపుణుడు. వంటింటి తడి చెత్తలో నైట్రోజన్ ఉంటుంది, ఎండుటాకుల్లో కార్బన్ ఉంటుంది, రెండూ పాళ్లలో కలిపి గాలి తగలనిస్తే కుప్ప వేడెక్కి చక్కగా మాగుతుంది అని చెప్పాడు. కుమారస్వామి రెండు డ్రమ్ములతో, మూరెడు థర్మామీటరుతో తిరిగొచ్చాడు.

తడి చెత్తకు లోటు లేదు. ఎండుటాకు ఎక్కడిది? కాలనీలో చెట్టన్నదే లేదాయె. చెట్టుంటే ఆకు రాలుతుంది, బండ మీద మరక పడుతుంది! అందుకని ప్రతి ఆదివారం వికారాబాద్ వెళ్లి, అనంతగిరి గుట్ట కింద ఆకులు ఏరి, గోనెసంచిలో కుక్కి తాండూరు బస్సెక్కేవాడు.

"సంచిల ఏమున్నది సార్?" అని అడిగాడట కండక్టరు.

"కార్బన్."

కండక్టరు రెండడుగులు వెనక్కి వేసి టికెట్ కొట్టాడు.

"మా ఊర్ల గిదంత పెంటకుప్పల ఏస్తుంటిమి. ఎవ్వలకు డిగ్రీలు చూడకపోతుంటిమి," అంది హన్మమ్మ. చదువు లేని మాట! కుమారస్వామి పొద్దునా సాయంత్రం డ్రమ్ములో థర్మామీటరు గుచ్చి, "యాభై ఎనిమిది డిగ్రీలు" అని కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడు. చప్పట్లే చప్పట్లు. అదే వారం హన్మమ్మ జ్వరంతో పడుకుంది. ఆమెకు ఎన్ని డిగ్రీలో గ్రూపులో ఎవరికీ తెలియదు.

మూడు నెలలకు ఎరువు తయారైంది. నల్లగా, పొడిపొడిగా, వంక పెట్టడానికి లేదు. "నేల ఉన్నవాళ్లు వచ్చి తీసుకుపోగలరు" అని గ్రూపులో పెట్టాడు. దండాలు నలభై వచ్చాయి. మనిషి ఒక్కరూ రాలేదు.

"నా కాడనే రెండు బస్తాలు పడున్నయి హన్మమ్మా! జర నువ్వే తీస్కపోరాదూ," అంది పక్కింటి ఖాదర్‌బీ గోడ మీంచి. కుమారస్వామిని చూసి కాలనీ అంతా డ్రమ్ములు పెట్టింది మరి. చివరికి చాలా ఇళ్ల ఎరువు చెత్త ఆటో ఎక్కింది, తడి చెత్త కింద!

ఇంతలో కాలనీ సంఘం కంపోస్టు పోటీ పెట్టింది. జడ్జి ఆ శ్రీహరే. కుమారస్వామి పోటీకి అట్టిపెట్టిన ఎరువు డ్రమ్ము మూత ఆ రోజు పొద్దున తీశాడు. లోపల తొమ్మిది మొలకలు! రెండేసి ఆకులతో తలెత్తి నిలబడ్డాయి.

సరిగ్గా వేడెక్కిన కుప్పలో కలుపు గింజలన్నీ చస్తాయని శిక్షణలో విన్నాడు. మొలకలు కనబడితే పరువేం కాను? తొమ్మిదింటినీ పీకి, రెండో డ్రమ్ములో పడేసి కర్రతో కలిపేశాడు. పచ్చిది కదా, నైట్రోజన్!

వంటింట్లోంచి వచ్చిన హన్మమ్మ చూసింది. "అయ్యో, గవి కలుపు కాదయ్యా! బండ లేపకపోతివని నేనే ఏసిన," అంది.

"ఎన్ని ఏసినవ్?"

"ఉన్నయన్ని."

ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. కానీ శాస్త్రం ముందు జాలి పనికిరాదు కాబట్టి పోటీ దగ్గరికి వద్దాం.

శ్రీహరి వచ్చాడు. పిడికెడు ఎరువు తీసి వాసన చూసి, "అచ్చం తడి మట్టి వాసన!" అన్నాడు. ఆ వాసన మరిచిపోయిన కాలనీ జనమంతా డ్రమ్ము ముందు వరస కట్టారు. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ వరసలో నేనూ ఉన్నాను.

"మాగిందని రూఢి కావాలంటే ఒక్క పరీక్ష ఉంది," అన్నాడు శ్రీహరి. "తనంతట తాను మొలిచే కలుపు వేరు. మనం మంచి గింజలు వేసి చూడాలి. అవి మొలిస్తే ఇక దీనికి తిరుగులేదు. ఎవరైనా వేశారా?"

కుమారస్వామి తల దించుకుని బండల లెవెల్ చూస్తున్నాడు.

"నేనేసిన సార్. తొమ్మిదేస్తే తొమ్మిది మొల్చినయి," అంది హన్మమ్మ.

"భేష్! ఎక్కడమ్మా అవి?"

"పొద్దుగాల్నే నైట్రోజన్ల కలిసినయి."

శ్రీహరికి అర్థం కాలేదు. "సరేలెండి, మిగిలిన గింజలు నేలలో పెట్టి ఈ ఎరువు వేయండి. విరగ కాస్తుంది," అన్నాడు.

"గింజలు లేవు సార్. నేల గూడ లేదు. ఎరువైతే మస్తున్నది, తీస్కపోతరా?"