మేం సేవ చేసిన దారి

అయ్యా, అమ్మా! మీ అబ్బాయి ఉద్యోగంలో పైకి రావాలని ఉందా? అయితే ట్యూషను మాన్పించేయండి. టైపు ఇన్‌స్టిట్యూటు కూడా మాన్పించండి. దసరా సెలవుల్లో కాలేజీవాళ్లు పెట్టే సంఘసేవా శిబిరానికి పంపండి. పెట్టె నేనొచ్చి సర్దుతాను!

నవ్వకండి, నాకు ఒళ్లు మండుతుంది. ఇవాళ కాకినాడలో రోడ్ల పనులు చూసే ఒక ఆఫీసులో, సరిగ్గా ఫ్యాను కింద, చేతులున్న కుర్చీలో కూర్చున్నానంటే అది నా బి.ఏ. డిగ్రీ చలవ అనుకుంటున్నారా? అందులో ఏం చదివానో నాకే గుర్తు లేదు. నన్ను ఇంతవాణ్ణి చేసింది డెబ్బైల్లో, పిఠాపురం అవతల సముద్రం ఒడ్డున, చేపలు పట్టుకునేవాళ్ల పేటలో జరిగిన మా శిబిరం.

ఆ పేట నుంచి బస్సు రోడ్డుకి ఒక మట్టిదారి. వానొస్తే బురద. పొద్దున్నే మొదటి బస్సు అందుకుని పిఠాపురంలో చేపలమ్ముకునే ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని ఆ బురదలో పడుతూ లేస్తూ వెళ్లేవారు. ఆ దారిని ఎత్తు చెయ్యడమే మా సేవ.

మా శిబిరానికి పెద్ద, ఎకనామిక్స్ లెక్చరరు కుక్కుటేశ్వరరావు గారు. వెళ్లగానే నా చేతికి గునపం ఇచ్చారు. అమాయకుణ్ణి, వెంటనే తవ్వబోయాను.

"ఆగవయ్యా! ప్రారంభోత్సవం కాకుండా తవ్వేస్తావేంటి?" అని కసిరారు.

ముఖ్య అతిథికి తీరిక దొరికేదాకా గునపం పట్టుకుని, ఏ క్షణంలోనైనా తవ్వేసేవాడిలా నిలబడ్డాను. ఇవాళ మా ఆఫీసులో పెన్ను పట్టుకుని, ఏ క్షణంలోనైనా సంతకం పెట్టేసేవాడిలా నాలాగ కూర్చోగలిగినవాడు ఇంకొకడున్నాడా? ఉంటే చూపించండి!

ఇక టీమ్‌వర్కు. తుని షావుకారు గారబ్బాయి జోగేశ్వరరావు తవ్వేవాడు, మిగతావాళ్లం సలహాలిచ్చేవాళ్లం. వాడి చేతులు బొబ్బలెక్కితే, బొబ్బల మీద ఒక సబ్ కమిటీ వేశాం. కమిటీ సిఫారసు ప్రకారం మధ్యాహ్నం పని రద్దు చేసి నాటకం రిహార్సల్సు పెట్టుకున్నాం. నాది రైతు వేషం. గునపం అక్కడ బాగా పనికొచ్చింది.

ఫోటోగ్రాఫరు వచ్చిన రోజున ఎవరికీ చెమట పట్టలేదని మొహాన నీళ్లు చిలకరించుకున్నాం. ఇప్పటికీ పై ఆఫీసరు ఇన్‌స్పెక్షనుకి వస్తున్నాడంటే నా టేబులు మీద గ్లాసుతో నీళ్లు సిద్ధం. తాగడానికి కాదండీ!

ప్లానింగు సంగతి చెప్పనే లేదు. దారి ఎత్తు చెయ్యాలంటే మట్టి కావాలి కదా? పక్క చేలల్లో తవ్వబోతే రైతులు తిట్టారు. కొబ్బరితోట ఆసామి కర్ర పట్టుకుని వెంటపడ్డాడు. ఎవరిదీ కాని మట్టి ఒక్క దారిలోనే ఉంది! సరే, దారి ఈ చివర తవ్వి ఆ చివర పోశాం. ఆ చివర గుట్టయింది, ఈ చివర గొయ్యయింది. మన వైపు పార వేస్తే నీళ్లూరతాయి కదా, సాయంత్రానికల్లా అందులో కప్పలు కాపురం పెట్టాయి.

"పూడ్చేద్దామా సార్, గొయ్యి?" అన్నాను.

"దీన్ని గొయ్యి అనకూడదు నాయనా, జరుగుతున్న పని అనాలి. ఇప్పుడే పూడ్చేస్తే వచ్చే ఏడు పిల్లలు సేవ చెయ్యడానికి ఏం మిగులుతుందయ్యా?" అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

ఎంత ముందుచూపండీ! ఆ ఒక్క మాట మీదే నాకు రెండు ప్రమోషన్లు వచ్చాయి.

మరి జనం మెచ్చుకోలేదా అంటారా? మెచ్చుకోకపోవడమేంటి! గొయ్యి పడిన మర్నాటి నుంచీ మరిడమ్మ అని, చేపలమ్ముకునే ఆవిడ, మా అందరికీ రోజూ వంజరం పులుసు కాచి పెట్టింది. వంజరం! అల్లుడొస్తే తప్ప మా ఇంట్లో కొనని చేప! జోగేశ్వరరావు ఒక్కడూ ఇంట్లో తెలిస్తే చంపేస్తారని మజ్జిగన్నం తిన్నాడు. మేం గిన్నెలు నాకేశాం. "ఈ పులుసు మన సేవకు ప్రజల కృతజ్ఞత" అని ముగింపు సభలో నేనే ఉపన్యాసం ఇచ్చాను. చప్పట్లు మారుమోగిపోయాయి.

మొన్న ఆ మరిడమ్మే మా ఆఫీసుకి వచ్చింది. జుట్టంతా నెరిసింది. ఆ గొయ్యి పూడ్పించమని అర్జీ తెచ్చింది.

"నువ్వు గునపంతో ఫోటో దిగిన బాబువి కదూ?" అంది నన్ను చూసి.

చూశారా, సేవ చేసినవాణ్ణి జనం మర్చిపోరు! ఉప్పొంగిపోయి కుర్చీ వేయించాను. "ఇదుగో, ఇప్పుడే కాలేజీకి చెప్పి ఈ ఏటి శిబిరం మీ పేటలోనే పెట్టిస్తాను" అని ఫోనెత్తాను.

మరిడమ్మ గభాలున లేచి రిసీవరు లాక్కుని పెట్టేసింది.

"వద్దు బాబూ, నీకు దణ్ణం పెడతాను! గొయ్యి పక్కన కాసింత గట్టుంది. ఇన్నాళ్లూ దాని మీదే ఎల్తన్నాం, ఇక మీదా అలాగే ఎల్తాం. మల్లీ పిల్లల్ని దింపితే ఆ గట్టు కూడా తవ్వేత్తారు."

నాకు ఎక్కడో గుచ్చుకుంది. "అదేంటి మరిడమ్మా! మా సేవకి సంతోషించే కదా ఆ వేళ రోజూ పులుసు పెట్టావు?"

"సంతోసమేంటి బాబూ! మీ గొయ్యి దాటి ఎల్లేసరికి బస్సు ఎల్లిపోయేది. ఆ తరవాత బస్సుకి ఎల్తే చేప మెత్తబడిపోయిందని ఒక్కరూ కొనేవారు కాదు. పారెయ్యడానికి చేతులు రాక, మీరూ తల్లి కన్న పిల్లలే కదా అని, ఆ చేపే రోజూ మీకు వండేశాను."

చెప్పి, తెచ్చిన అర్జీ తిరిగి తీసుకెళ్లడం కూడా మర్చిపోయి వెళ్లిపోయింది.

ఇంకొకడైతే సిగ్గుతో చచ్చేవాడు. నేను శిబిరంలో తయారైనవాణ్ణి! పెన్ను తీశాను. "అర్జీదారు తన కోరికను సంతోషంగా ఉపసంహరించుకున్నది" అని రాసి, చాలాకాలానికి నిజంగానే ఒక సంతకం పెట్టాను.

మరి మీ అబ్బాయి పెట్టె సర్దమంటారా? అడుగున ఓ కంచం కూడా పెడతాను. అక్కడ పులుసు బాగుంటుంది.